బెదురుగాడు గుర్తుపట్టిన మనిషి

కిందటి వారం పెద్దదాన్ని పెళ్లి హాలు వెనకగదిలో, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నచోట వదిలిపెట్టాం. ఎదురుగా ఒక బల్ల, బల్ల కింద కుక్క, కుక్క మెడలో తెల్లపూల పట్టీ. గోడకి అవతల కుర్చీలు నిండుతున్నాయి. "నా ముందు వాడు నడవాలి. వాడు రాకపోతే నేనూ రాను" అని చిన్నది తెగేసి చెప్పి అలంకరణ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. "నేను తీసుకొస్తాగా" అని పెద్దది మాటిచ్చేసింది. ఇప్పుడా మాట బల్ల కింద ముడుచుకుని వణుకుతోంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. వీళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లు. ఇంట్లో పెద్దది, చిన్నది అనే పిలుపులే గానీ ఇంకో పేరు నోట్లోంచి వచ్చిన రోజు లేదు. పెద్దది లాండ్రీలో మరకలు తీస్తుంది. చిన్నది వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ, అక్కడే పెళ్లికొడుకుని చూసుకుంది. కుక్కని తెచ్చింది వాళ్లమ్మ. ఎవరో పెంచి, కొట్టి, రోడ్డు మీద వదిలేసినవాడు. గొడుగు తెరిస్తే భయం, చీపురు చూస్తే భయం, పాల ప్యాకెట్ చప్పుడు చేసినా భయమే. అందుకే బెదురుగాడు అని పేరు పెట్టింది. అమ్మ పోయి ఏడాది తిరగలేదు. "అమ్మ ఎలాగూ లేదు, అమ్మ కుక్కయినా నా పెళ్లిలో ఉండాలి" అని చిన్నది పట్టుబట్టింది.

పెద్దదానికి ఆ మాట నచ్చలేదు. అమ్మ మంచాన పడ్డ కాలమంతా పండక్కో పబ్బానికో చుట్టంచూపుగా వచ్చి వెళ్లిన మనిషికి, ఇప్పుడు అమ్మ కుక్క మీద ఇంత ప్రేమ పొంగుకురావడమేమిటనుకుంది. అయినా పైకి అనలేదు. పెళ్లికూతురితో గొడవెందుకని వారాల తరబడి వాణ్ని తయారుచేసింది. పూలపట్టీని ముందు అన్నం గిన్నె పక్కన పెట్టింది. వాడు దాన్ని వాసన చూసి ఊరుకున్నాక మెడకి చుట్టింది. పెళ్లిలో వాయించే పాటని ఫోనులో పెట్టి, ఫోనుని దిండు కింద దూర్చి, రోజురోజుకీ దిండు తీసేస్తూ వినిపించింది. చప్పట్లు కొట్టొద్దని, ఎవరూ వంగి ముద్దు చెయ్యొద్దని చుట్టాలందరికీ చెప్పించింది. వాడు తట్టుకోలేకపోతే బయటికి పట్టుకుపోవడానికి హాలు పక్కతలుపు తీసే ఉంచమంది.

ఇన్ని చేసినా, ఇవాళ హాల్లోకి మనుషులు రావడం మొదలయ్యేసరికి వాడు బల్ల కింద దూరాడు. దూరినవాడు ఇక రాలేదు.

"రారా నాన్నా. కాసేపే. ఆ చివరిదాకా నడిచేస్తే ఇంటికెళ్లిపోదాం" అని పెద్దది నెమ్మదిగా చెయ్యి చాపింది. వాడు ఆమె చేతిని నాకాడు గానీ కాలు కదపలేదు.

తలుపు తెరుచుకుంది. ఎవరో తట్టకుండానే తీశారు.

"మెల్లగా! ఇక్కడ..." అని కసురుకుంటూ తలెత్తిన పెద్దది, మాట మధ్యలో ఆగిపోయింది.

గుమ్మంలో తండ్రి నిలబడి ఉన్నాడు.

కొత్త కోటు. భుజాల దగ్గర వదులు, చేతుల దగ్గర పొట్టి. ఎవరో కొలతలు తీసుకోకుండా కొనిపెట్టారని చూడగానే తెలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చిన్నది బడికెళ్లే రోజుల్లో ఇల్లొదిలి, ఇంకొకావిడతో కాపురం పెట్టిన మనిషి. ఆవిడ పోయాక తిరిగొస్తానని కబురు పెడితే, అమ్మ రానివ్వలేదు. రానివ్వలేదంటే, అమ్మ లోపల పడుకుని ఉంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డది పెద్దది. అమ్మ చివరిచూపుకి వచ్చినప్పుడు కూడా ఆమే అడ్డం నిలబడింది. "మా అమ్మ మాట ఇది. ఆయన లోపలికి రాకూడదు" అంది. ఆయన ఎదురుకొట్టు చూరు కింద నిలబడి, అమ్మని తీసుకెళ్లేదాకా చూసి, వెళ్లిపోయాడు. చుట్టాలు పెద్దదాన్ని రాతిగుండె అన్నారు. అనుకోనీ అనుకుంది.

"చిన్నది రమ్మంది" అన్నాడు తండ్రి.

"ఎక్కడికి?"

"హాల్లోకి. పక్కన నడవమంది."

పెద్దది లేచి నిలబడింది. చిన్నప్పుడు ఆయన్ని నువ్వు అనేది. ఇప్పుడు ఆ పిలుపు నోటికి రాలేదు.

"అది పిలిస్తే పిలిచింది. మీకుండొద్దా? ఏ ముఖం పెట్టుకుని వచ్చారు?"

"ఉన్న ముఖమే పెట్టుకుని వచ్చానమ్మా."

"తలుపు ఎలా తీశారో అలాగే వేసి వెళ్లండి. ఇక్కడ భయపడే ప్రాణి ఉంది. కొత్తవాళ్లని చూస్తే..."

ఆమె కాలికి ఏదో రాసుకుంటూ పోయింది. బెదురుగాడు బల్ల కింద నుంచి బయటికొచ్చాడు. పారిపోతాడేమోనని పెద్దది తాడు కోసం వంగింది. వాడు పారిపోలేదు. పొట్ట నేలకి తగిలేలా ముందు రెండడుగులు పాకి, తర్వాత నిటారుగా లేచి, తోక ఊపుకుంటూ తండ్రి దగ్గరికి వెళ్లాడు. ఆయన బూటు మీద గడ్డం ఆనించి, హాయిగా ఊపిరి వదిలాడు.

ఆయన చెయ్యి కిందికి దిగింది. ఆయన చూపు పెద్దదాని మీదే ఉంది. చెయ్యి మాత్రం, చూడాల్సిన పనే లేనట్టు, కుక్క ఎడమచెవి వెనక్కి వెళ్లి అక్కడ గోకింది. వాడికి ఇష్టమైన చోటు అదే. ఆ చోటు తెలుసుకోవడానికి పెద్దదానికి ఒక చలికాలమంతా పట్టింది.

"వీడు మీకెలా తెలుసు?"

"కుక్కలంతేనమ్మా. ఒక్కో మనిషి దగ్గరికి ఊరికే..."

"వీడు ఊరికే ఎవరి దగ్గరికీ వెళ్లడు. డాక్టరు ఇంటికొస్తే మంచం కింద తడిపేసుకున్నాడు. ఎదురింటావిడ రోజూ ఏదో ఒకటి పెట్టేది, ఆవిడ గేటు దాటాకే మూతి పెట్టేవాడు. చెప్పండి."

తండ్రి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కుక్క ఆయన మోకాళ్ల మధ్యకి వెళ్లి సర్దుకుంది.

"మధ్యాహ్నాలు వచ్చేవాణ్ని" అన్నాడు.

"ఎవరింటికి?"

"మనింటికి."

'మన' అనే మాటకి ఆమె ఒళ్లు మండింది. కానీ దానికంటే ముందు లెక్క కలిసింది. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపితే, మళ్లీ బడి వదిలేదాకా ఖాళీయే. ఆ వేళంతా పెద్దది లాండ్రీలో, ఆవిరి బల్ల ముందు, ఎవరి చొక్కా మీదో ఎవరి కాలరు మీదో మరకలు రుద్దుతూ ఉండేది.

"అబద్ధం" అంది. "మీ పేరెత్తితే అమ్మ మొహం తిప్పేసుకునేది."

"నీ ముందు."

"ఏంటి?"

"నీ ముందు తిప్పుకునేది. మొదట్లో నా ముందూ తిప్పుకుంది. కొన్నాళ్లకి మానేసింది. నేనేం పెద్దగా చెయ్యలేదమ్మా. కిటికీ దగ్గర కూర్చునేవాణ్ని. బస్సులో పిల్లల కబుర్లు చెప్పేవాణ్ని. నవ్వేది. రొట్టె తెస్తే మెత్తటిది తను తిని, అంచులు వీడికి పెట్టమనేది. అలా అలవాటయ్యాడు."

రొట్టె. సాయంత్రం ఇల్లు చేరేసరికి మంచం పక్కన రొట్టెపొడి కనబడేది. ఎదురింటావిడ తెచ్చిపెట్టింది కాబోలు, అమ్మ ఇవాళ నాలుగు ముద్దలు తిందని పెద్దదానికి ప్రాణం లేచొచ్చేది. ఆ పొడి తుడుస్తూ, ఆ సంతోషంలో గిన్నెలు కూడా కడిగేసేది. "ఇవాళ ఆ మనిషి గుమ్మం దగ్గర కనబడ్డాడా?" అని అడిగేది అమ్మ. లేదమ్మా అనేది ఈమె. "కనబడితే రానివ్వకు. నా మాట నిలబెట్టేదానివి నువ్వొక్కదానివే" అనేది అమ్మ. ఆ మాటకి పొంగిపోయి, వేరే ఊళ్లో పెద్ద లాండ్రీవాళ్లు పిలిచినా వెళ్లలేదు. ఒకతను చాలాకాలం ఎదురుచూసి ఇంకొకరిని చేసుకున్నాడు. పోనీలే అనుకుంది. గుమ్మం దగ్గర కాపలా మనిషి ఉండొద్దూ?

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దంది. నువ్వు బాధపడతావంది."

"బాధపడతానని కాదు. కాపలా మానేస్తానని."

తండ్రి కుక్క తల నిమిరాడు.

"సరే. మంచం దిగలేని మనిషి తలుపెలా తీసింది? బయట తాళం వేసుకుని వెళ్లేది నేను. ఊళ్లో ఉన్న తాళంచెవులు నా దగ్గర ఒకటి, ఎదురింటావిడ దగ్గర ఒకటి. ఆవిడ మీకిచ్చిందా?"

"ఆవిణ్ని అనకు. నేనిచ్చాను."

మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. చిన్నది పెళ్లి బట్టల్లో నిలబడి ఉంది. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది. పెదాలకి రంగు సగమే వేశారు.

"నా తాళంచెవికి ఇంకోటి చేయించి నాన్నకిచ్చాను. అమ్మే ఇమ్మంది."

పెద్దది చెల్లెలి వైపు తిరిగింది. "అమ్మని తీసుకెళ్లిన రోజు ఈయన ఎదురుకొట్టు చూరు కింద నిలబడ్డాడు. నువ్వు నా పక్కనే ఉన్నావు. నేను ఈయన్ని రావద్దంటుంటే విన్నావు. నోరు విప్పలేదు."

"అందరి ముందూ ఏం చెప్పనక్కా?"

"నా చెవిలో చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ఒప్పుకునేదానివా? నీకు ఆ కోపం తప్ప ఇంకేమైనా మిగిలిందా?"

అవతల హాల్లో వాయిద్యాలు సరిచేసుకుంటున్న చప్పుడు. బెదురుగాడు ఉలిక్కిపడి తండ్రి కోటులోకి తల దూర్చాడు. ఆయన "ఏం లేదురా, ఏం లేదు" అన్నాడు. వాడు ఊరుకున్నాడు.

పెద్దదానికి అప్పుడు అర్థమైంది, చిన్నది కుక్క కోసం అంత పట్టు ఎందుకు పట్టిందో. కుక్కని తీసుకురావాలంటే అక్క రావాలి. అక్కకి కుక్కని కాచుకునే పని ఉంటే, కదలకుండా ఉంటుంది. గొడవ పెట్టుకోదు. వాడి ముందు గొంతు పెంచదని చెల్లెలికి తెలుసు. మెడలో పూలపట్టీ వాడికి, తాడు తనకి.

"బాగానే ఆలోచించావు" అంది. నిజంగానే గొంతు పెంచలేదు.

"ఇవాళొక్కరోజు సర్దుకో అక్కా. నీకు దండం పెడతాను."

పెద్దది తాడు కొస తీసి తండ్రి చేతిలో పెట్టింది. "వదులుగా పట్టుకోండి. లాగితే కూర్చుండిపోతాడు. ఎవరైనా మీదికొస్తే మీరు అడ్డం నిలబడండి." పక్కకి తప్పుకుంది. "మీకు తెలిసే ఉంటుందిలెండి."

హాలు పక్కతలుపు దగ్గర, ఆఖరి వరస వెనక ఆమె నిలబడింది. పాట మొదలైంది. ముందు బెదురుగాడు, వెనక ఒకపక్క తండ్రి, ఒకపక్క చిన్నది. అందరూ చెప్పినమాట విన్నారు. చప్పట్లు లేవు. చేతులు గాల్లో ఆడించారంతే. సగం దూరం వచ్చాక ఎవరి చేతిసంచో కుర్చీ మీద నుంచి జారి దబ్బున పడింది. వాడు నేలకి అతుక్కుపోయాడు. చెవులు తలకి అంటుకుపోయాయి. పెద్దది ఒక అడుగు ముందుకి వేసేసింది. తన మెడలో దారానికి కట్టిన ఈల ఉంది, ఒకసారి మెల్లగా ఊదితే వాడు పరుగెత్తుకుని వస్తాడు. చెయ్యి దానిమీదికి వెళ్లింది కూడా.

తండ్రి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు, లాగలేదు. తన భుజాన్ని వాడికీ జనానికీ మధ్య పెట్టి ఊరికే కూర్చున్నాడు. చిన్నది కూడా ఆగింది. అందరూ ఆగారు. కాసేపటికి వాడు తలెత్తి, ఆయన మొహం చూసి, లేచాడు. మళ్లీ నడిచాడు. ముందువరసలో పెళ్లికొడుకు తల్లి కళ్లు ఒత్తుకుంటోంది. "ఎంత బాగా పెంచారో వాళ్ల నాన్న" అని పెద్దదాని పక్కనున్న ఎవరో అన్నారు. ఫోటోలతను వంగి వంగి తీసుకున్నాడు.

ఈల మీంచి చెయ్యి తీసేసింది పెద్దది. ఆమె లేకుండానే అంతా సవ్యంగా జరిగిపోయింది. అన్ని వారాలు ఆమె చేసిన పని వృథా పోలేదు. దాని ఫలితం మాత్రం ఇంకొకరి చేతిలో తాడై వేలాడుతోంది.

పెళ్లి ప్రమాణాలు చెప్పుకోవడం అయ్యాక, జనం భోజనాల వైపు కదిలారు. తండ్రి కుక్కని వెనకగదికి తెచ్చాడు. పెద్దది నీళ్ల గిన్నె పెట్టి, పూలపట్టీ విప్పింది. మెడ దగ్గర బొచ్చు తడిసి ఉంది. వాడు నీళ్లు తాగి, అక్కడే నేలమీద వాలిపోయాడు. ఆయన వెళ్లడానికి తలుపు వైపు తిరిగాడు.

"ఒకటి అడుగుతాను" అంది పెద్దది. "దీనికి మాత్రం అబద్ధం చెప్పకండి. ఆ రోజు కూడా వచ్చారా?"

ఏ రోజని ఆయన అడగలేదు.

ఆ రోజు ఆమెకి లాండ్రీలో ఆలస్యమైంది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. దీపం వెయ్యగానే అమ్మ నిద్రలో ఉన్నట్టే ఉంది. దుప్పటి మెడదాకా నీటుగా కప్పి ఉంది. బెదురుగాడు మాత్రం మూలన గోడకేసి తల పెట్టుకుని ఉన్నాడు. ఒక్కతే పోయింది, పక్కన ఒక్క మనిషైనా లేకుండా పోయింది అన్న మాటతోనే ఆమె అప్పటినుంచీ నిద్ర లేస్తోంది, పడుకుంటోంది. ఆయన వచ్చానంటే బాగుండునని, ఎంత కోపమున్నా, ఆ క్షణంలో ఆమెకి నిజంగా అనిపించింది.

"రాలేదమ్మా" అన్నాడు తండ్రి. "ఆ రోజు పిల్లల్ని ఆటలపోటీకి తీసుకెళ్లాలన్నారు. పొద్దున్నుంచీ బండి మీదే. వచ్చి ఉంటే... ఆ బాధ నాకూ ఉంది. పిల్లల్ని తిరిగి బడి దగ్గర దింపుతుంటే చిన్నది ఫోను చేసింది, అమ్మ పోయింది నాన్నా అని. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. పిల్లలు భయపడ్డారు."

"బడి దగ్గరా?"

"అవును. ఇంకా కొందరి అమ్మానాన్నలు గేటు దగ్గరే ఉన్నారు. ఎండ ఉంది."

పెద్దది పూలపట్టీని పక్కన పెట్టింది.

ఎండ ఉంది. ఆమె ఇల్లు చేరింది చీకటిపడ్డాక. డాక్టరుని పిలిచింది, ఆయన వచ్చి చూసి వెళ్లాకే చెల్లెలికి ఫోను చేసింది. అప్పుడు చిన్నది గట్టిగా అరిచి ఏడ్చింది. పొద్దున బండికి బయల్దేరి వచ్చేస్తానంది. ఎలా జరిగిందని మళ్లీ మళ్లీ అడిగింది.

"ఏమ్మా? ఏమైంది?" అన్నాడు తండ్రి.

ఆమె చెప్పేలోపు తలుపు తోసుకుని చిన్నది వచ్చింది. మొహమంతా నవ్వు. "ఇక్కడున్నారా! ఫోటోకి రండి. మనం ముగ్గురం, వాడూ. అత్తగారికి వాడు ఎంత ముద్దొచ్చేశాడో..."

"అమ్మ పోయిన రోజు నువ్వెక్కడున్నావు?"

చిన్నది నవ్వు ఇంకా పోలేదు. "అదేంటక్కా ఇప్పుడు? ఊళ్లో లేనని తెలుసుగా. మర్నాడు కదా వచ్చాను."

"నేను లాండ్రీలో ఉండగానే ఈయనకి ఫోను చేశావు. అమ్మ పోయిందని నాకే తెలీదు అప్పటికి. నీకెవరు చెప్పారు?"

చిన్నది తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు, ఏం బయటపెట్టేశాడో అప్పటికి ఆయనకీ తెలిసింది. బయట ఎవరో పెళ్లికూతురేది, పెళ్లికూతురేది అని పిలుస్తున్నారు. ఆమె వెనక్కి చెయ్యి పోనిచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఎత్తిపట్టుకున్న కుచ్చిళ్లు చేతిలోంచి జారిపోయాయి.

"ఎవరూ చెప్పలేదు" అంది. "నేను అమ్మ పక్కనే ఉన్నాను."

"ఉన్నావా? మరి నాకెందుకు చెయ్యలేదే ఫోను? లాండ్రీ ఎంత దూరమని? పరుగెత్తుకొచ్చేదాన్నిగా!"

"చెయ్యబోయానక్కా. ఫోను చేతిలోనే ఉంది. నీ నంబరు నొక్కుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ స్థితిలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. ఒకటే మాట అంది..."

"ఏమంది?"

చిన్నది రంగు వేసిన పెదవిని పళ్లతో పట్టుకుని వదిలింది.

"'దాన్ని మాత్రం పిలవొద్దు' అంది."